చర్చి కిటికీ రంగు

ఇవాళ ఆసుపత్రి వరండాలో, రంగుల అద్దంలోంచి ఎర్రటి ఎండ నా తెల్లచీర మీద పడింది. వెంటనే సరసు గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

అవి యుద్ధం రోజులు. కంటోన్మెంటులో దొరలు కొత్త చర్చి కట్టుకుని వెళ్ళిపోతే, పాత చర్చిలో మగ్గాలు వేశారు. మా పెదనాన్న మగ్గానికి సరిగ్గా రంగుల కిటికీ కింద చోటు దొరికింది. మా నాన్నేమో బళేపేటలో నూలుకు రంగులద్దేవాడు. మోచేతుల దాకా నీలిమందే.

పెదనాన్న కూతురు సరసు నన్ను తీసుకెళ్ళి చూపించింది. మగ్గానికి బిగించిన తెల్లటి పడుగు దారాల మీద ఎరుపు, పచ్చ, నీలం.

"మాకు దేవుడే రంగేస్తా ఉండాడు," అంది.

నమ్మేశాను. కుళ్ళుతో ఆ పూట అన్నం తినలేదు.

"అప్పా, మనమూ ఆ కిటికీ కిందే నూలు ఆరేస్తాము," అన్నాను.

నాన్న నవ్వాడు. "ఆ రంగు మబ్బేస్తే పోతాది పాపా. మనది ఉతికినా పోదు."

నేత పూర్తయి మగ్గం మీంచి గుడ్డ కోసిన రోజు పరుగెత్తి వెళ్ళి చూశాను. తెల్లగా ఉంది!

"మీ దేవుడి రంగు యాడుండాదే?" అని అడిగాను.

సరసు చిన్నబుచ్చుకోలేదు. గుడ్డను కిటికీ కింద పరిచి, హాయిగా దాని మీద పడుకుంది. రంగులన్నీ దాని ఒంటి మీదికి వచ్చేశాయి.

వరండాలో ఎండ జరిగింది. నా చీర మళ్ళీ తెల్లబడింది. ఆ కుళ్ళు మాత్రం మా నాన్న అద్దిన రంగులాంటిది, ఇన్నేళ్ళయినా వెలిసిపోలేదు.