గడ్డి దూడ

నా చిన్నప్పుడు ఒక వేసవిలో మా గేదె దూడ చచ్చిపోయింది. దూడ లేనిదే ఆ గేదె పాలు చేపదు, బిగబట్టేస్తుంది. చేపని గేదెను మా తాతయ్య ఇంట్లో ఉంచేవాడు కాదు, కోతకు అమ్మేసేవాడు. రోజూ దాన్ని కడిగి, కుడితి పెట్టే నాకు ఆ మాట తలచుకుంటేనే ఏడుపొచ్చేది.

తాతయ్య దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాయించి, అందులో గడ్డి కూరించాడు. ముసునూరు తోట నుంచి వచ్చిన రసాల మామిడికాయలు మగ్గేయడానికి తెచ్చిన గడ్డే అది. నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి ఆ బొమ్మను గేదె ముందు నిలబెట్టాడు. ఛీ! ఆ కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పచ్చి తోలు వాసన, మగ్గిన మామిడి వాసన ఒకటైపోయి, పైన ఈగలు. ఆ ఏడాది నేను ఒక్క పండు ముట్టలేదు. గేదె మాత్రం బొమ్మను నాకింది, పాలిచ్చింది. చుట్టూ చేరినవాళ్ళు దాని తెలివితక్కువతనానికి పడీపడీ నవ్వారు. ఆ తోలుకన్నా ఆ నవ్వులే నాకు ఎక్కువ రోత పుట్టించాయి.

రెండిళ్ళ అవతల మౌల్వీ గారు ఉండేవారు. మసీదులో పిల్లలకు అరబ్బీ చెప్పేవారు. ఆయన గేదె పాము కరిచి పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే పాలు పోయించుకునేవారు. ఆయన ఇంట్లోని తల్లిలేని దూడ అరుపులు మా వాకిట్లోకి వినబడేవి. మా గడ్డి బొమ్మను చూసి ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. అరబ్బులు కూడా ఒంటెలను ఇలాగే మోసం చేసేవారట. గడ్డి కూరిన తోలును 'బవ్వ్' అనేవారట. వాసన చూసి కూడా పాలు బిగబట్టే ఒంటెకు 'అలూక్' అని వేరే పేరట. ఇంత రోతపనికి పేర్లు కూడానా అని నాకు ఒళ్ళు జలదరించింది.

కొద్దిరోజులకు, నాకగా నాకగా కుట్లు ఊడిపోయాయి. గేదె తన బిడ్డ కడుపులోంచి గడ్డి లాగి నమిలింది. నాకు అక్కడే వాంతైంది. ఆ పూట అది చుక్క పాలు ఇవ్వలేదు. తాతయ్య బేరగాడికి కబురు పెట్టాడు.

అప్పుడు మౌల్వీ గారు మూడో మాట చెప్పారు. "పరాయి పిల్లకు పాలిచ్చే ఒంటెను 'రఊమ్' అంటారు బావగారూ. మా దూడ గంజి తాగి బతుకుతోంది. ఒక్కసారి వదిలి చూద్దామండీ."

"గడ్డి దూడైతే పాలు తాగదు కదండీ. మీ దూడకి సగం పోతే మాకేం మిగులుద్ది?" అన్నాడు తాతయ్య.

"గేదె మిగులుద్ది," అంది నాయనమ్మ.

దూడను తెచ్చారు. గేదె చాలాసేపు వాసన చూసి తల విదిలించింది. మళ్ళీ వాసన చూసి, మెల్లగా దాని వీపు నాకడం మొదలుపెట్టింది. దూడ పొదుగు కుమ్ముతుంటే దాని మూతి నిండా నురగ. బేరగాడు వచ్చి ఉత్త చేతులతో పోయాడు.

ఇప్పుడు మా మనవడి డెయిరీలో దూడ గొడవే లేదు, సూది గుచ్చి పిండేస్తారు. ఇదేం పనిరా అంటే, "వేరే దారేముంది నాయనమ్మా?" అంటాడు. ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఆ పచ్చి తోలు కంపే కొడుతుంది. ఆ వేసవిలో మేమూ అదే అనుకున్నాం. రెండిళ్ళ అవతల బతికున్న దూడ ఆకలికి అరుస్తూనే ఉంది, మాకు వినబడుతూనే ఉంది. మేము చచ్చిన దూడలో గడ్డి కూరుతున్నాం.