సార్ దారిలోనే పోయారు, అయితే ఏమిటి?

పోయిన నెల మా సార్ పోయారు. ఆస్పత్రిలో కాదు, ఇంట్లో కాదు. వరంగల్ వెళ్తూ, జనగామ దాటాక, రోడ్డు పక్కన ఆపిన కారులో. భార్య టీ తెచ్చేలోపే అయిపోయింది. అప్పటి నుంచీ తార్నాకలో ఎవరు కలిసినా ఒకటే మాట: ఆ గుండెతో ఊళ్లు తిరగడమేమిటని. విని విని నాకు ఒళ్లు మండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

సార్ యూనివర్సిటీలో మాకు చరిత్ర చెప్పారు. ఆయనకు డ్రైవింగ్ రాదు, నేర్చుకోవాలనీ అనుకోలేదు. కారు నడిపేది ఆయన భార్యే. శిష్యులమంతా ఆమెను అమ్మ అనేవాళ్లం. రిటైరయ్యాక ఇద్దరికీ అదే పని. పాత కోట ఉన్న ఊరో, కథలు, కవితలు రాసినవాళ్లు బతికిన ఇల్లో ఎక్కడుందని తెలిస్తే అక్కడికి బయల్దేరేవారు. వాళ్లదొక పద్ధతి. ఆ ఇంటి ముందు ఫొటోలు దిగరు. ఇప్పుడు అందులో ఎవరున్నా సరే, తలుపు తట్టి, అడిగి, అరుగు మీద కూర్చునేవారు. అక్కడ బతికిన మనిషి రాసినదాన్ని సార్ పైకి చదివేవారు. ఇల్లు కూల్చేసినా వదల్లేదు. ఒక ఊళ్లో చెప్పుల షాపు మెట్ల మీద కూర్చుని చదివారు.

విజయనగరంలో అరగంట చదివాక ఆ ఇంటి పెద్దాయన నెమ్మదిగా, "మీరనుకుంటున్న ఇల్లు ఇది కాదండీ, వెనక వీధిలో. వినడానికి బాగుందని ఊరుకున్నాను" అన్నాడట. ఆ సంగతి చెప్పి సార్ పగలబడి నవ్వేవారు.

"పోనీ తియ్. అసలు ఇంట్ల వినేటోళ్లు ఉంటరో లేదో. గీ ఇంట్ల ఒకాయన దొరికిండు గదా."

"అడ్రసు రాసుకున్నది మీరేగా. రెండు సందులు నాచేత రివర్స్‌లో నడిపించారు" అని అమ్మ సణిగేది.

నిరుడు గుండెకు ఆపరేషన్ అయింది. డాక్టర్ ప్రయాణాలు వద్దన్నారు. నిజం చెప్పాలి, నేనూ బతిమాలాను. ఇంటిపట్టున ఉండండి సార్ అన్నాను.

"ఉండి ఏం చెయ్యాలె బిడ్డా? టీవీ ముంగట కూసొని మందుల టైం చూసుకునుడేనా? గది బతుకుడు కాదు, కావలి కాసుడు" అన్నారు.

నాకు కోపమొచ్చి రెండు వారాలు వాళ్లింటి వైపు వెళ్లలేదు. ఆ రెండు వారాలూ ఇప్పుడు ఎంత ఏడ్చినా తిరిగి రావు.

మొన్న క్యాంపస్‌లో సంతాప సభ పెట్టారు. మాట్లాడినవాళ్లంతా సార్ విశ్రాంతిగా ఉంటే ఇంకొన్నేళ్లు బతికేవారన్నారు. అమ్మ ముందు వరుసలో కూర్చుని వింటోంది. సభ అయ్యాక సార్ తమ్ముడు అందరి ముందే అడిగారు.

"నువ్వన్న ఆపాలె గదా వదినా. అయ్యిందేదో అయ్యింది. ఆ కారు తాళం ఇటియ్యి. ఇగ నువ్వు బండి ముట్టొద్దు."

అమ్మ తలెత్తింది.

"ఆపొచ్చు మరిదీ. తాళం దాచేస్తే ఇంకొన్నాళ్లు ఉండేవారేమో. రోజూ నా మొహం చూసి, ఎందుకాపావని అడుగుతూ ఉండేవారు. అలా బతికించుకోవడం నాకిష్టం లేదు. ఆయన వెళ్లాలనుకున్న చోటికే వెళ్తూ పోయారు. దానికి నేనెవరికీ సంజాయిషీ చెప్పను."

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. సంతాప సభలో బాగుండదని ఊరుకున్నాను. కొట్టాల్సింది.

అమ్మ తాళం ఇవ్వలేదు. ఒక్కతే వెళ్తోంది, ఇంటిదాకా తోడుందామని స్కూటర్ మీద వెనకే బయల్దేరాను. తార్నాక చౌరస్తాలో రెడ్ సిగ్నల్ పడింది. వాళ్లిల్లు నేరుగా ముందుకు. కుడి వైపు తిరిగితే ఉప్పల్, అది దాటితే వరంగల్ రోడ్డు. అమ్మ కారు అన్నింటికన్నా ముందు ఆగి ఉంది. దాని కుడి ఇండికేటర్ వెలుగుతూ ఆరుతూ ఉంది.