మెట్ల మీద చెప్పుల చప్పుడు

కొత్తపేటలో అద్దెకు దిగినప్పటి నుంచి విజయదుర్గకు ఒక అలవాటు పట్టుకుంది. ఇంటి ఓనరు ఇంద్రమ్మ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే గడియ మీద చెయ్యి అలాగే ఆగిపోతుంది. అది పూర్తిగా కిందికి దిగిపోయాకే తలుపు తీస్తుంది. ఎదురుపడితే ఆవిడ ఎవరొచ్చారు, ఏం వండావు అని ఆరా తీస్తుంది. అద్దెకున్నంత మాత్రాన రోజూ కూర పేరు కూడా అప్పజెప్పాలా అని విజయదుర్గకు మంట.

తోటి బ్లాగర్లంతా తమ వింత అలవాట్లు రాస్తుంటే, తనూ తన బ్లాగులో మారుపేరుతో ఇదే రాసి, మెట్ల ఫోటో ఒకటి పెట్టింది. చదివినవాళ్ళంతా తెగ నవ్వారు.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే ఇంద్రమ్మ కోడలు అరుణ దగ్గరికొచ్చింది. "అక్కా, గా ఫోటోల ఉన్నవి మన మెట్లే గదా? మస్తు రాసినవ్. అత్తమ్మకు గూడ చదివి వినిపించిన."

విజయదుర్గ తీసిన చీరను మళ్ళీ తీగ మీదే వేసింది. "ఆవిడేమన్నారు?"

"ఏమనలే. ఊకున్నది."

మర్నాడు ఆఫీసుకు బయల్దేరుతూ తలుపుకు చెవి ఆనించింది. చప్పుడేమీ లేదు. ఇంకాసేపు ఆగింది. అప్పుడూ లేదు. ఊపిరి పీల్చుకుని గడియ తీసింది.

గుమ్మం ముందే ఇంద్రమ్మ నిలబడి ఉంది.

"ఏం కూరొండినవ్ బిడ్డా?"

ఆవిడ కాళ్ళకు చెప్పులు లేవు.