ఒకరోజు ముందు తీసిన రసాలు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, మా కంపెనీ నన్ను నూజివీడు పంపింది. అక్కడి మామిడి రైతుల సంఘం ఒకటి పళ్లను నేరుగా ఇళ్లకు అమ్మడానికి మా చేత వెబ్‌సైట్ చేయించుకుంది. ప్రాజెక్టు మేనేజరుగా దాన్ని గాడిలో పెట్టడం నా పని.

నా కింద ముగ్గురు. తెరమీద కనిపించే పేజీలు ఒకరివి, వెనక నడిచే సర్వర్ ఒకరిది, వివరాలు దాచే డేటాబేస్ ఇంకొకరిది. ఈ మూడూ తెలిసినవారిని ఫుల్‌స్టాక్ డెవలపర్ అంటారు. అలాంటివాళ్లు దొరకరని ప్రతి మీటింగులోనూ మావాళ్లు రాగం తీసేవారు. తాళం వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

చిన్న రసాలను గడ్డిలో మాగబెడతారు. కొన్నవాళ్లు కోరిన తేదీ చూసుకుని సంఘం షెడ్డువాళ్లు బయటికి తీస్తారు. ఒక్కరోజు ముందు తీసినా పులుపు పోదు. మొదటి వారమే పళ్లు పుల్లగా ఉన్నాయని ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. ఇంకో వారం ఇలాగే సాగితే ఈ ఏటి కాపంతా మళ్లీ దళారుల పాలేనని సంఘం అధ్యక్షుడు వెంకటరత్నంగారు తేల్చి చెప్పారు.

మా ముగ్గురూ ఎవరికి వారే యమునా తీరే. ఎవరిని అడిగినా తన భాగం సరిగ్గా ఉందన్నారు. నిజమే, ఉంది. మూడింటినీ కలిపి చూసిన మహానుభావుడే లేడు. నేనేమో హైదరాబాదుకు ఫోన్ చేసి ఫుల్‌స్టాక్ మనిషిని పంపమని బతిమాలుతున్నాను.

షెడ్డులో జాబితాలు ప్రింటు తీసే సునీతది చాట్రాయి. ఆమె ఒక పెట్టె మీది చీటీనీ, కొన్నవాళ్ల ఫోన్‌కు వెళ్లిన మెసేజీనీ పక్కపక్కన పెట్టి చూసింది. తేదీల్లో ఒకరోజు తేడా. నా కంప్యూటర్ అడిగి తీసుకుని పేజీ నుంచి డేటాబేస్ దాకా ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయింది. భోజనాల వేళకు దొరికింది.

"మనకి పన్నెండో తారీఖు మొదలయ్యేటప్పటికి సర్వర్‌కి ఇంకా పదకొండేనండీ. అది లండన్ టైములో రాసుకుంటోంది. షెడ్డు లిస్టులో అదే పడుతోంది."

సరిచేసిందీ ఆమే. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. ఊళ్లో ఎరువుల దుకాణానికీ, ట్యుటోరియల్‌కీ సైట్లు చేసిందట. సాయానికి ఎవరూ లేక అన్నీ తనే నేర్చుకుందట. మరి మా కంపెనీకి అప్లై చేయలేదేమని పెద్దమనిషిలా అడిగాను.

"చేశానండీ. పోయినేడు ఇంటర్వ్యూలో మీరూ ఉన్నారు. పజిల్ చెప్పలేదని పంపించేశారు."

తక్కెడతో ఎనిమిది బంతుల్లో బరువైనదాన్ని పట్టుకోవడం. నా ఉద్యోగకాలమంతటిలో ఒక్కనాడూ అక్కరకు రాని లెక్క.

మర్నాటి నుంచి పళ్లు తియ్యగా వెళ్లాయి. సునీతను తీసుకోమని ఆఫీసుకు రాశాను. ఒకసారి వద్దన్న అభ్యర్థిని రెండేళ్ల దాకా పిలవరాదని జవాబు వచ్చింది. తర్వాతి సీజనుకు సంఘం మాకు దణ్ణం పెట్టి సైటును ఆమెకే అప్పజెప్పింది.

ఫుల్‌స్టాక్ డెవలపర్లు అరుదేమీ కాదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికే కంపెనీలకే దొరకరు. మేమైతే ఆ పిల్లను చంకలోంచి దించి మరీ వెతికాం. దించిన కాగితం మీద సంతకం నాది.