బియ్యం డబ్బాలో రైలు కూత

మా బామ్మర్ది పెళ్లి చెడగొట్టాలని అతని శత్రువులెవరూ ప్రయత్నించలేదు. అసలు అతనికి శత్రువులే లేరు. ఆ పని నేనొక్కడినే, ఎవరి సాయమూ లేకుండా, ఒక బొమ్మ రైలింజను ముందు పెట్టుకుని దాదాపు పూర్తి చేశాను. ఎలా చేశానో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, నాకు అలవాటైపోయింది.

ముందు మా వీధి సంగతి తెలియాలి. వికారాబాదులో రైలు పట్టాల వెనక వీధి మాది. ఇక్కడ గోడ మీద గడియారం ఉండేది అలంకారానికే. తాండూరు వైపు పోయే పొద్దుటి రైలు ఊరి బయట మలుపు దగ్గర ఒక కూత వేస్తుంది. అది వినగానే చెప్పులు తొడుక్కుని, తాళం వేసి నడిస్తే రైలూ మనమూ ఒకేసారి ప్లాట్‌ఫారం చేరతాం. కూత వినకముందే పోయి స్టేషన్లో కూర్చునేవాణ్ణి కొత్తగా దిగిన కిరాయిదారు అనుకుంటాం. రైలు ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు కదా అంటారేమో. చూస్తాం. చూసి, పక్కన పెట్టి, కూత కోసం ఎదురుచూస్తాం.

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. ఇంటర్ పిల్లలకు ధ్వని పాఠం చెప్పీ చెప్పీ, ధ్వని అంతా నా చేతి కిందే పని చేస్తుందన్న నమ్మకం ఏర్పడింది. ఆ రోజుల్లోనే ఆన్‌లైన్లో ఒక బొమ్మ ఇంజను, రెండు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు తెప్పించుకున్నాను. బొమ్మ అంటే నాకు కోపం వచ్చేది, నమూనా రైలు అనమనేవాణ్ణి. మా సుజాత మాత్రం మొదటినుంచీ దాన్ని "నీ డబ్బా" అనే అనేది. సుజాత నా భార్య. ఈ కథలో పెళ్లికొడుకు కావలసిన నరేశ్‌కు అక్క.

పెట్టెలో వచ్చిన పట్టాలు నాకు నచ్చలేదు. కొత్త స్టీలు గిన్నెల్లా మెరుస్తున్నాయి. పైగా మరీ ఎత్తు. ఆ లెక్కన పెంచుకుంటూ పోతే నిజం పట్టా దాటడానికి నిచ్చెన కావాలి. రోజూ కాలేజీకి పోతూ అసలు పట్టాలను చూసేవాణ్ణి, నన్ను మోసం చేయగలరా? వాటిని అవతల పడేసి, సన్నటివి, ఎత్తు తక్కువవి, కింది అడ్డ దిమ్మెలు, అవే స్లీపర్లు, దగ్గర దగ్గరగా ఉన్నవి తెప్పించాను. వాటికి తుప్పు రంగు వేశాను. ఇక కంకర కావాలి. గచ్చుకు పరిచే తాండూరు బండ పక్కనే దొరుకుతుండగా బయటి కంకర ఎందుకని, బండలు కోసే చోట పడి ఉన్న ముక్కలు తెచ్చి వంటింట్లో దంచడం మొదలుపెట్టాను.

"ఏం దంచుతున్నవ్?" అంది సుజాత.

"కంకర."

"అల్లం దంచే రోట్లనా?"

"దంచినంక కడుగుత గదా."

"కడుగు. ఇగ ఆ రోట్ల దంచిన అల్లం నీ కూరలనే ఏస్త."

అన్నంత పనీ చేసింది. కొన్నాళ్లపాటు ఇంట్లో పళ్ల కింద కరకరలాడింది నాకొక్కడికే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పట్టాలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. వంగి చూస్తే మా స్టేషన్ అవతలి లైనే. దాని మీద ఇంజను పెట్టి స్విచ్ వేశాను. ఇంజను టకటకమని ఎగిరి పక్కకు పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది. కారణం తెలిసేసరికి పొద్దు గూకింది. ఆ ఇంజను చక్రాల అంచులు ఎత్తు పట్టాలకని లోతుగా చేశారట. సన్న పట్టాల మీద అవి పోయి స్లీపర్లకే కొట్టుకుంటున్నాయి. అంటే, దొరికినవాటిలో అచ్చమైన పట్టాలు వెతికి కొన్నాను, వాటి మీద నడవని ఇంజను అంతకుముందే కొన్నాను.

"పాత పట్టాలే పెట్టు, నడుస్తది గదా," అంది సుజాత.

"అవి నిజం పట్టాల లెక్క లేవు."

"ఇవి నిజం పట్టాలే. రైలే నడుస్తలేదు."

నడవకపోతే మానె, కనీసం కూతైనా అచ్చంగా ఉండాలని పంతం పట్టాను. మలుపు దగ్గర నిలబడి పొద్దుటి రైలు కూతను రికార్డు చేసుకొచ్చాను. ఇంజను కడుపులో చొక్కా గుండీ అంత స్పీకరుంది. అందులోంచి ఆ కూత, కుక్కర్ మూత సరిగా పెట్టనప్పుడు వచ్చే చప్పుడులా వచ్చింది. పాత టీవీ తాలూకు పెద్ద స్పీకరు ఒకటి అటక మీద ఉంటే దింపాను. దానికి గుమ్మనే మోత రావాలంటే ఖాళీ డబ్బా కావాలి. మా ఇంట్లో ఖాళీ డబ్బా లేదు. బియ్యం డబ్బాను ఖాళీ చేశాను.

"బియ్యం ఏడ పోసినవ్?"

"బకెట్ల."

సుజాత పోయి చూసి వచ్చింది. "అది బట్టలు నానబెట్టే బకెట్," అంది.

డబ్బాను నమూనా రైలు పెట్టిన బల్ల కింద, అసలు పట్టాల వైపు కిటికీ దగ్గర పెట్టి, ఒక సాయంత్రం పూర్తి శబ్దంతో కూత వేశాను. వీధి వీధంతా లేచింది. పక్కింటి అంజమ్మ పెద్దమ్మ చేతిలో సంచీతో స్టేషన్ మెట్లెక్కి దిగి వచ్చింది. ఎదురింటాయన సగం గీసిన గడ్డంతో గేటు దాకా వచ్చి, ఇది పొద్దున కాదని గుర్తుకొచ్చి ఆగాడు. నాకైతే సంతోషంతో కాలు ఒక చోట నిలవలేదు.

"సారూ, పిల్లలకు సదువు జెప్పే పనుండంగ నీకు గిదేం పని? నా మోకాళ్లు పోయినయ్," అంది పెద్దమ్మ ఆయాసపడుతూ.

"అంటే రైలే అనుకున్నవా పెద్దమ్మా? జర గూడ అనుమానం రాలేదా?"

ఆమె నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను. నేను మాత్రం ఆపలేదు. మర్నాడూ వేశాను, ఆ మర్నాడూ వేశాను, కాస్త సరిచేసినప్పుడల్లా వేశాను. వీధి కూడా నేర్చుకుంది. కూత వినపడితే చెప్పులకన్నా ముందు మా కిటికీ వైపు చూసేవారు. కిటికీలో నా తల కనిపిస్తే, "సారు డబ్బానే లే" అని చాయ్ తాగుతూ కూర్చునేవారు.

ఇక నరేశ్ సంగతి. వాడూ తాండూరు అమ్మాయి శ్వేతా కాలేజీలో కలిసి చదువుకున్నారు, ఇష్టపడ్డారు. రెండిళ్లలోనూ అందరూ ఒప్పుకున్నారు, ఒక్క శ్వేత నాన్న తప్ప. తాండూరులో ఆయనకు బండలు పాలిష్ చేసే మిషను ఉంది. మంచి మనిషి. టైమ్ ఒక్కటే ఆయన పిచ్చి. అంతకుముందు ఒక సంబంధంవాళ్లు ఆలస్యంగా వస్తే, కడుపు నిండా భోజనం పెట్టి, గేటు దాకా సాగనంపి, సంబంధం వద్దన్నాడట. అందుకని మాకు ముందే కబురు పంపాడు: ఆదివారం పొద్దుటి రైలుకు రండి, మాట్లాడుకుందాం. ఆ రోజు సవ్యంగా గడిస్తే పెళ్లి, లేకపోతే లేదు. నరేశ్ ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు.

ఆదివారం పొద్దున అందరం తయారయ్యాం. మర్పల్లి నుంచి మా మామ, అంటే సుజాత వాళ్ల నాన్న, ముందు రోజే వచ్చి ఉన్నాడు. సుజాత పండ్లూ మిఠాయిలూ పళ్లెంలో సర్దుతూ, "ఇయ్యాల ఆ డబ్బా ముట్టకు," అని నాకు చెప్పింది. ముట్టనన్నాను. నిజంగానే ముట్టకూడదనుకున్నాను. మామే అడిగాడు.

"అల్లుడా, ఊరంత చెప్తున్నరు, ఏదో రైలట. జర చూపియ్యి."

మామ అడిగితే కాదంటామా? తీసుకుపోయి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పట్టాలను చాలాసేపు చూశాడు.

"కంకర మంచిగున్నది. నడుస్తదా?"

"నడువది మామా."

"మరి?"

"కూస్తది."

సుజాతకు వినపడకూడదని శబ్దం బాగా తగ్గించి నొక్కాను. మామ చెవి ఒగ్గి విన్నాడు. "గిది రైలు గాదు అల్లుడా, మేకపిల్ల తప్పిపోయినట్టున్నది," అన్నాడు.

నా గుండె మీద గునపం దిగింది. వీధినంతా పరుగెత్తించిన కూతను మేకపిల్ల అంటాడా? శబ్దం పెంచితే సుజాత వస్తుంది, కాబట్టి లోపం తీగలోనే ఉండి ఉంటుందని నిర్ణయించాను. బల్ల కిందికి దూరి, డబ్బా మూత తీసి, స్పీకరు తీగను ఊడబీకి, రాగి మెరిసేలా పళ్లతో గీకుతున్నాను. సరిగ్గా అప్పుడే, కిటికీ రెక్కలు అదిరేలా కూత.

"ఆఁ, గిప్పుడు రైలు లెక్కున్నది," అన్నాడు మామ.

నేను తల బల్లకు కొట్టుకుంటూ బయటికి వచ్చాను. నొప్పి తెలియలేదు. "అంత డబ్బాలనే ఉన్నది మామా," అని పాఠం ఎత్తుకున్నాను. "శబ్దం గోడలకు తగిలి తిరుగుతది. తిరిగిన కొద్ది బలమొస్తది."

వంటింట్లోంచి సుజాత, "ముట్టొద్దని చెప్పిన గదా. బంద్ చెయ్. అసలు రైలొస్తే వినబడది," అంది.

"అయిపోయింది, అయిపోయింది."

నరేశ్ ముందు గదిలోంచి, "బావా, రైలుదా? పోదమా?" అన్నాడు.

"నాదేరా, కూసో."

నాదే. ఆ మాట నేనే అన్నాను, ఈ నోటితోనే. ఇంతలో దూరంగా మైకులో ఏదో చెబుతున్న గొంతు వినిపించింది.

"స్టేషన్ల మైకు గూడ పెట్టినవా?" అన్నాడు మామ, ఈసారి నిజమైన గౌరవంతో.

మైకు పెట్టినట్టు నాకు గుర్తు లేదు. కానీ రికార్డు చేసేటప్పుడు పడి ఉంటుందనుకున్నాను. పొగుడుతుంటే ఎవరు వెతుకుతారు? "అన్ని పెట్టిన మామా," అన్నాను.

మళ్లీ ఒక కూత. ఆ వెనకే చక్రాల చప్పుడు, మెల్లగా సన్నబడుతూ.

"దూరం పోతున్నట్టు గూడ వినబడుతున్నది, అల్లుడా."

"దాంట్ల అదే గొప్ప, మామా."

మామ తల ఊపాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నా చేతి వైపు చూశాడు. "మరి నీ చేతుల ఆ వైరేంది? ఏడనన్న పెట్టేదుండెనా?"

చూసుకున్నాను. ఊడబీకిన తీగ నా చేతిలోనే ఉంది. దాని కొసన రాగి తళతళా మెరుస్తోంది.

తర్వాతి భాగం త్వరగా చెప్పేస్తాను. స్టేషన్‌కు పరుగెత్తితే ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మేవాడు తప్ప ఎవరూ లేరు. కిరాయి కారు మాట్లాడాం. మామకు కారు పడదు, అందులోనూ అనంతగిరి మలుపులు. ప్రతి మలుపుకూ కారు ఆపాం. నరేశ్ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది. వాడి మెడ వెనక, ఆ పొద్దున అంత శ్రద్ధగా దువ్వుకున్న జుట్టు చూస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. అందరూ కలిసి ఒక అబద్ధం ఖాయం చేశారు, రైలు లేటయిందని చెప్పాలి. నన్ను మాత్రం నోరు తెరవొద్దన్నారు.

తాండూరులో శ్వేత నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మామ గోడ పట్టుకుని కారు దిగి, "ఏం జేస్తం, రైలు బాగ లేటయింది," అన్నాడు.

"మిమ్ములను తోల్కొద్దమని స్టేషన్‌కు పోయిన," అన్నాడాయన నిదానంగా. "రైలు టైముకే వచ్చింది. ఒక్కొక్కలు దిగంగ చూసిన. మీరు దిగలే."

మామ గోడను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. తలుపు వెనక శ్వేత కనిపించింది, ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అప్పుడు సుజాత పళ్లెం అరుగు మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది. రోలు వదల్లేదు, బకెట్ వదల్లేదు, మేకపిల్లనూ వదల్లేదు. నేను గేటు మీది రంగును చూస్తూ నిలబడ్డాను.

అంతా విని ఆయన నా వైపు తిరిగాడు. "నిజమేనా సారూ?"

"నిజమే."

"వైరు చేతుల వట్టుకొనే?"

"చేతులనే."

"పిల్లలకు ఏం జెప్తవ్?"

"ఫిజిక్స్."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. "లేటుగ వచ్చినోళ్లు ఏదో ఒకటి చెప్తరు," అన్నాడు చివరికి. "పంక్చరైంది అంటరు, చుట్టాలొచ్చిండ్రు అంటరు. గింత ఇజ్జత్ తక్కువ ముచ్చట అబద్ధం ఆడెటోడు ఎవ్వడు చెప్పడు. ఇది నిజమే." తర్వాత తలుపు వైపు చూశాడు. "బిడ్డా, నువ్వు ఏమంటవ్? ఈళ్ల ఇంట్ల గిట్లాంటి మనిషున్నడు."

"నేను చేసుకునేది నరేశ్‌ను నాయినా," అంది శ్వేత. "వాళ్ల బావను గాదు."

ముందు నవ్వింది ఆయనే. తర్వాత మామ, తర్వాత సుజాత, చివరికి నరేశ్. నేనూ నవ్వబోయాను కానీ, ఇంకా టైమ్ కాలేదన్నట్టు సుజాత చూసింది. పెళ్లి ఖాయమైంది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, లగ్గం నాడు బయలుదేరే టైమ్ నన్ను ఎవరూ అడగకూడదు.

అందుచేత ఆనాడు తాండూరు గడప మీద, పెద్దల సమక్షంలో ప్రతిజ్ఞ చేశాను. ఈ శరీరంలో ప్రాణమున్నంత వరకు, తీగ ఎక్కడుందో చూసుకోకుండా ఎవరి పొగడ్తనూ స్వీకరించను. ఆ మాట అనేటప్పుడు నా రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయో లేదో సుజాత తిప్పి చూసి మరీ ఒప్పుకుంది.