నాచారం షెడ్డులో నా కళ్లద్దాలు

హనుమకొండ బస్టాండులో ఉదయం ఆరుంబావుకు ఉప్పల్ మీదుగా పోయే బస్సెక్కాను. మా ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసరును. నెల కింద సాయిలు అనే కార్మికుడి కంట్లో ఇనుప రవ్వ పడింది. చూపు దక్కింది. కానీ కంటి కట్టు విప్పకముందే, రక్షణ అద్దాలు పెట్టుకోలేదని అతని చేతికి మెమో ఇచ్చింది నేనే. అప్పటినుంచి అతను నాతో మాట్లాడడం మానేశాడు. మిగతావాళ్లు నన్ను చూడగానే అద్దాలు దించుకుంటారు, నేను మలుపు తిరగ్గానే తీసేస్తారు. హైదరాబాదు నాచారంలోని ఒక చిన్న ఫ్యాక్టరీలో ఈ దాగుడుమూతలు లేవని విని, చూసొద్దామని బయల్దేరాను.

పక్కసీట్లో కాప్రాలోని కూతురింటికి పోతున్న ఒక పెద్దమ్మ కూర్చుంది. "ఫ్యాక్టరీ జూసుటానికి గింత దూరం పోతవా బిడ్డా!" అని నవ్వి, సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది.

తొమ్మిదిన్నరకు ఉప్పల్ రింగు రోడ్డు. వెళ్లదలచినవారు ఇక్కడే దిగాలి, నాచారం ఆటోలు క్షణానికొకటి దొరుకుతాయి. బండి దగ్గర ఇడ్లీ తిని, పదింటికల్లా ఫ్యాక్టరీ గేటు ముందున్నాను.

సూపర్‌వైజరు అంజయ్యది నాచారమే. తాతల కాలంలో వాళ్లు ఇక్కడే వరి పండించారట. మెదడు పనితీరు మీద తాను తీసుకున్న శిక్షణ గురించి హుషారుగా చెప్పాడు. "అలవాటైన పనిని మెదడు ఆలోచించకుండనే జేస్తది మేడం. గోడ మీది బోర్డు రోజూ జూస్తే ఇగ కనవడనే కనవడది. భయవెడితే మనకు దొరకకుండ తప్పిచ్చుకునుడే నేర్సుకుంటది. మంచిగ జేసినప్పుడు అప్పటికప్పుడు జెప్పిన్రనుకో, అది పట్టుకుంటది."

తలూపి, అద్దాలు పెట్టుకుని షెడ్డులోకి వెళ్లి, యంత్రాల దగ్గరికి ఎవరూ పోకుండా నేల మీద గీసిన పచ్చగీత ఇవతల నిలబడ్డాను. ఐదు నిమిషాల్లో చెమటకు అద్దాలు మసకబారాయి. నోట్సు రాసుకోవడానికని వాటిని నెత్తి మీదికి తోసుకున్నాను. ఎదురుగా గ్రైండింగ్ చక్రం చప్పుడు ఆగిపోయింది. దాని మీద పనిచేస్తున్న బాలమణి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, పచ్చగీత ఇవతలనే నిలవడ్డవ్, మంచిగుంది. అద్దాలు నెత్తిమీదికి పోయినయేంది? మసకలైనయా?"

ముఖం వేడెక్కింది. కానీ ఆమె కళ్లలో ఎగతాళి లేదు. "అవును, ఏం కనిపిస్తలేదు" అన్నాను.

"మాకు గూడ గట్లనే అయితుండె. ఎందుకు తీస్తున్నరని అంజయ్య సారు అడిగిండు, జెప్పినం. ఇవి తెప్పిచ్చిండు" అంటూ పక్కల్లో గాలిరంధ్రాలున్న అద్దాలు తెచ్చిచ్చింది. పదకొండేళ్ల ఉద్యోగంలో 'ఎందుకు తీశావ'ని నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఒంటిగంటకు వాళ్లతోనే పప్పుచారు అన్నం తిన్నాను. "బాలమణీ, చక్రం మొత్తం ఆగినంకనే చెయ్యి పెట్టినవ్, చూసిన" అన్నాను కాస్త బెరుగ్గా. "ఓ, అక్క నేర్సుకున్నది!" అని ఆమె చప్పట్లు కొడితే, అందరూ పడీపడీ నవ్వారు. వచ్చేటప్పుడు అంజయ్య గాలిరంధ్రాల అద్దాలు ఒక జత నా సంచిలో వేశాడు.

మూడున్నరకు ఉప్పల్ బస్టాపులో నిలబడి సాయిలుకు ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"సాయిలూ, ఆ రోజు అద్దాలెందుకు తీసినవ్?"

"ఇంకో మెమో ఇస్తరా మేడం?"

"లేదు. తెలుసుకుందామని."

"చెమటకు మసకలైతున్నయ్. రాడ్డు కనవడక తీసిన. గీ మాట అప్పుడే అడిగితే జెప్తుంటి గద."

"అడగకపోవుడు నా తప్పు. మెమో వాపసు తీసుకుంట. కొత్త రకం అద్దాలు తెస్తున్న, ముందు నువ్వే పెట్టి చూడాలె."

"మంచిగ లేకుంటె లేవనే జెప్త మరి!" అన్నాడు. గొంతులో నవ్వు వినిపించింది.

నాలుగింటి బస్సు దొరికింది. భువనగిరి దాటాక జోరువాన. డ్రైవరు వేగం తగ్గించగానే వెనకనుంచి "జర జల్ది పోనియ్యి" అని కేకలు. ముందుసీట్లో ఉన్న నేను "ఇట్ల నిదానంగనే పోనియ్యి అన్నా, మాకు ధైర్యంగున్నది" అన్నాను.

"లేటైందని తిట్టినోళ్లే గని, గిట్ల అన్నోళ్లు లేరు మేడం" అన్నాడాయన, చూపు రోడ్డు మీదినుంచి తిప్పకుండానే. హనుమకొండకు గంట ఆలస్యంగా చేరాం. ఈ మధ్యకాలంలో ఇంత హాయిగా ఏ ప్రయాణమూ చేయలేదు.