ఓటు లేని గుమ్మాలు

మొన్న సాయంత్రం ఒక పాత భవనం మెట్లెక్కుతుంటే మూడో అంతస్తు దగ్గర ఇంగువ తాలింపు వాసన తగిలింది. కింద నుంచి తడి గొడుగుల వాసన, నేల తుడిచిన సబ్బునీళ్ళ వాసన వస్తున్నా, వాటన్నిటినీ తోసుకుని ఇదే ముక్కుకెక్కింది. నా చేతిలో ఎన్నికల కరపత్రాలున్నాయి. బెల్లు నొక్కాను. నొక్కగానే నా కాళ్ళు నన్నడక్కుండానే ఒక మెట్టు కిందికి దిగాయి. తలుపు తీసేవాళ్ళు మనకంటే ఎత్తులో ఉండాలి, మనం కింద నుంచి తలెత్తి మాట్లాడాలి, అప్పుడు వాళ్ళకి భయమూ ఉండదు, మనకి పొగరూ ఉండదు అని నాకు నేర్పిన మనిషి పోయి రెండేళ్ళు కావస్తోంది. ఆవిడ పేరు డాక్టర్ రాజ్యలక్ష్మి గారు. ఆవిడ నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. రాస్తేనైనా అర్థమవుతుందేమోనని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మేముండేది జర్మనీలోని బ్రేమెన్‌లో. ఈ దేశంలోకెల్లా చిన్న రాష్ట్రం, దాదాపుగా ఊరే రాష్ట్రం. ఓడలు కట్టే కార్మికుల కాలం నుంచీ ఇక్కడి రాజకీయానికి ఎడమచేతి వాటం. వాల్డార్ఫ్‌లోనూ డ్యూసెల్‌డార్ఫ్‌లోనూ ఉండే మా స్నేహితులు "అక్కడ తెలుగువాళ్ళు ఉంటరా అసలు?" అని జాలిగా అడుగుతారు. ఉంటారు. కాకపోతే పండగలకి హాలు నిండరు. పోయిన ఎన్నికలప్పుడు మా పాపకి రెండేళ్ళు. కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో, సీటు దొరకడం లేదు, నా సెలవు అయిపోవస్తోంది, ఆఫీసు వాళ్ళు మర్యాదగానే తొందర పెడుతున్నారు. ఒక శనివారం సూపర్ మార్కెట్ ముందు నిలబడి మా ఆయన మీద ఫోన్‌లో విరుచుకుపడుతున్నాను. "ఇంకో ఏడాది ఆగాల్నంట. నా జాబ్ ఏం గావాలె? నువ్వు మానేస్తవా?" అంటుంటే, పక్కనే పార్టీ గొడుగు కింద వానకోటు వేసుకుని కరపత్రాలు పంచుతున్న ఒక పెద్దావిడ నా వైపు తిరిగి "ఏ ఊరమ్మా మనది?" అంది.

ఫోన్ కట్టేశాను. వరంగల్ అన్నాను. "మాది తెనాలి. అయితే పక్కూళ్ళవాళ్ళమే" అని నవ్వి, డెబ్బైల్లో మత్తు డాక్టరుగా వచ్చి ఇక్కడే రిటైరయ్యానని చెప్పింది. "ముప్పై ఏళ్ళు జీతం తీసుకుని జనాన్ని నిద్రపుచ్చాను. ఇప్పుడు ఉత్తపుణ్యానికి లేపుతున్నాను" అంది. ఆంటీ అని పిలిస్తే మాత్రం ముఖం చిట్లించింది. నేను నీకు అత్తనా, పిన్నినా, డాక్టరమ్మ అని పిలువు అంది. ఆ గొడుగు కిందే కాట్యాని పరిచయం చేసింది. కాట్యా మా పేటలో ఒక కీటాలో టీచరు, ఆ పార్టీ అభ్యర్థుల వరుసలో అట్టడుగున ఉన్న మనిషి. ఆమె నెగ్గితే అసెంబ్లీలో కీటాల సంగతి అడిగే గొంతు ఒకటుంటుందని డాక్టరమ్మ అంటే, మాకు ఓటు లేదండీ, బ్లూ కార్డు వీసా మీదున్నాం అన్నాను. "ఓటు లేకపోతేనేం, నోరుంది కదా. ఇందాక విన్నాను" అంది.

అలా నా స్వార్థం కొద్దీ నేను ఆ పనిలో దిగాను. ముందు ఓటు వేసే పద్ధతే బుర్రకెక్కలేదు. మనకి ఒక ఓటు, ఒక గుర్తు, వేలికి ఒక చుక్క. ఇక్కడ రాష్ట్రం ఎన్నికలకి మనిషికి ఐదు ఓట్లు, చీటీకి బదులు ఒక పుస్తకం. డాక్టరమ్మ వాళ్ళ వంటింట్లో నన్ను కూర్చోబెట్టి, పళ్ళెంలో ఐదు జీడిపప్పులు పెట్టింది. ఐదూ ఒక్కరికే ఇవ్వచ్చు, ఐదుగురికి పంచచ్చు, పార్టీకి కొన్ని, మనిషికి కొన్ని కూడా వెయ్యచ్చు అని వాటిని అటూ ఇటూ జరిపి చూపించింది. వరుసలో ఎంత కింద ఉన్నా, తన పేరు మీద చాలినన్ని ఓట్లు పడితే కాట్యా పైకి వస్తుంది. అదే మా ఆశ. "అర్థమైందా?" అంది. అయిందన్నాను. కాలేదని ఆవిడకి తెలుసు, జీడిపప్పులు నా చేతిలో పోసి, మళ్ళీ రేపు చెప్తాలే అంది.

ఇల్లిల్లూ తిరగడంలో ఆవిడది వేరే దారి. ఎక్కడ ఓటేసేవాళ్ళు ఎక్కువో, ఏ వీధిలో తమవైపు మొగ్గు ఉందో పార్టీవాళ్ళు ఫోన్‌లో చూసి పంపేవారు. ఆవిడ ఆ భవనానికే వెళ్ళేది కానీ, లోపలికి అడుగుపెట్టాక ముక్కు చెప్పిన మాట వినేది. జీలకర్ర వేగుతున్న వాసనో, మసాలా వాసనో, ఇంకెవరిదో తెలియని ఊరి వంట వాసనో వస్తే ఆ గుమ్మం దగ్గర ఆగేది. ఆ ఇళ్ళల్లో చాలామందికి ఓటు ఉండదు. పార్టీవాళ్ళకి అది ఒళ్ళుమంట. ఒకసారి కాట్యాయే నన్ను పక్కకి పిలిచి, డాక్టరమ్మని కాస్త ఓటున్న ఇళ్ళవైపు నడిపించు అని బతిమాలింది. పిల్లి మెడలో గంట కట్టే పని నాకు అప్పజెప్పారన్నమాట.

ఎన్నికల ముందు సాయంత్రం మాకు మూడు భవనాలు మిగిలాయి. మొదటి దాంట్లో, సరిగ్గా మూడో అంతస్తులోనే, ఇంగువ తాలింపు. ఆవిడ ఆగిపోయింది. తలుపు తీసినతను శ్రీకాంత్, నిజామాబాద్ కుర్రాడు, భార్యతో ఈ ఊరికి కొత్తగా వచ్చాడు. తెలుగు వినగానే ఆ భార్య ముఖం చూడాలి. దోశలు వేసింది, చాయ్ పెట్టింది. డాక్టరమ్మ ఓటు ఊసే ఎత్తలేదు, ఉంటే కదా ఎత్తడానికి. మీటె, అదే ఇంటద్దె, ఎంత కడుతున్నారు, ఊరాఫీసులో అన్మెల్డుంగ్ నమోదు అయిందా, బాత్రూమ్ గోడకి ఈ బూజేమిటి, ఇంటి ఓనరు చేత బాగుచేయించే హక్కు మీకుంది తెలుసా, ఇన్నేళ్ళు ఉంటే పౌరసత్వం అడగొచ్చు తెలుసా, ఇవే మాటలు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది దాటితే ఇక్కడ ఒకళ్ళ తలుపు కొట్టడం మర్యాద కాదు. మేం బయటికి వచ్చేసరికి ఆ వేళ దాటిపోయింది. మిగతా రెండు భవనాలూ అలాగే ఉండిపోయాయి, ఆ రెండింట్లోనూ ఎక్కువమంది ఓటర్లే.

కాట్యా ఓడిపోయింది. లెక్క తేలడానికి రోజులు పట్టింది కానీ, తేలాక చూస్తే తక్కువైన ఓట్లు సుమారుగా ఆ రెండు భవనాలకి సరిపోయేటన్నే. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. నేరుగా డాక్టరమ్మ వంటింటికి వెళ్ళాను. ఆవిడ గిన్నెలు కడుగుతోంది.

"ఆ రెండు బిల్డింగులు తిరిగుంటే కాట్యా గెలిచేది డాక్టరమ్మా."

"గెలిచేదేమో."

"మరి ఎందుకు పోలేదు మనం?"

"పోతే శ్రీకాంత్ వాళ్ళింటికి ఎవరు వెళ్ళేవాళ్ళు? ఓటున్న గుమ్మానికి అందరూ వస్తారమ్మా."

"ఎలక్షన్ పని అంటేనే ఓట్లు కదా. మీ ఐదన్నా కాట్యాకే ఏసిన్రా, లేక అవి కూడా పంచిన్రా?"

ఆవిడ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది. "నాకెక్కడివమ్మా ఓట్లు? నాది ఇండియన్ పాస్‌పోర్టే" అంది.

ఇన్నేళ్ళుగా ప్రతి ఎన్నికకీ ఈ ఊళ్ళో మెట్లన్నీ ఎక్కి దిగిన మనిషి, ఐదు ఓట్లు ఎలా వెయ్యాలో జీడిపప్పులతో నేర్పిన మనిషి, ఒక్కసారీ ఓటు వెయ్యలేదు. ఎందుకని అడిగితే, "మొదట్లో బద్ధకం, తర్వాత సిగ్గు" అంది. ఇంకోసారి మా ఆయన అడిగితే, ఆ పాస్‌పోర్టు వదిలేస్తే తెనాలి పోవడానికి వీసా అడుక్కోవాలి, నా వల్ల కాదు బాబూ అంది. ఓటు లేనివాళ్ళ గుమ్మంలో ఓటున్నదాన్నై నిలబడలేనని కాట్యాతో అన్నదట. ఈ మూడింట్లో ఏది నిజమో నాకు తెలియదు. మూడూ నిజమే కావచ్చు. లేకపోతే నాలుగోది ఏదో ఉండి, అది ఎవరికీ చెప్పలేదేమో.

తమాషా ఏమిటంటే, నన్ను మాత్రం పౌరసత్వం తీసుకోమని వెంటబడింది. వారం వారం ఫోన్. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు, "టెర్మిన్ దొరికిందా?" అని ఆఫీసు అపాయింట్‌మెంటు గురించే, అంతే. మీరు తీసుకోకుండా నన్నెందుకు చంపుతున్నారని విసుక్కుంటే, "నేను తినని కాకరకాయ నీకు వండి పెట్టకూడదా?" అనేది. చివరికి దొరికింది. నా పాత పాస్‌పోర్టు రద్దయి ముద్రపడి వచ్చిన రోజు ఆవిడకి చూపించాను. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇక నీ గుమ్మానికి కూడా జనం వస్తారు" అంది. అది సంతోషమో, నన్ను అవతలి గట్టుకి సాగనంపడమో ఆ గొంతులో తెలియలేదు. నాకు మాత్రం ఆ క్షణాన ఆవిడ నుంచి ఏదో దొంగిలించినట్టు అనిపించి, చాలా బాధేసింది. ఆ చలికాలంలోనే ఆవిడ నిద్రలో పోయింది. అంత్యక్రియలకి ఎన్ని భాషలవాళ్ళు వచ్చారో చెప్పలేను. వాళ్ళల్లో చాలామందికి ఓటు లేదని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు మళ్ళీ ఎన్నికలు. కాట్యా మళ్ళీ నిలబడింది, మళ్ళీ వరుసలో అడుగునే. మా పాప కీటా దాటి బడికి పోతోంది, కాబట్టి ఈసారి నాకు స్వార్థం కూడా లేదు. మొన్న ఆ తలుపు తీసింది శ్రీకాంతే. భవనమూ అదే. కావాలనే ఆ వీధి అడిగి తీసుకున్నాను. కాస్త లావయ్యాడు. నన్ను చూసి "అక్కా, రాండ్రి రాండ్రి" అని లోపలికి పిలిచాడు. పెద్ద మేడమ్ ఏరి అని అడిగాడు. చెప్పాను. కళ్ళు తుడుచుకున్నాడు.

"మేడమ్ చెప్పబట్టే సిటిజెన్‌షిప్ తీస్కున్న అక్కా. గోడ బూజు గూడ ఓనరే బాగ్జేయించిండు. ఈసారి మాది మొదటి ఓటు, ఇద్దరివి గల్పి పది."

ఆ రెండు భవనాల అప్పు తీరిపోతోంది అనుకుంటూ కాట్యా కరపత్రం అందించాను. అతను దాన్ని చదివి, మడిచి, బల్ల మీద పెట్టాడు.

"అబద్ధం చెప్ప అక్కా. మీ పార్టీకి ఏస్తలేం. అవతలోళ్ళకి ఏస్తం. ఇంకా మంది వస్తనే ఉంటే ఇండ్లు యాడ దొరుకుతయి? మా తమ్ముడు కెమ్నిట్జ్‌ల చదువు అయిపోయి ఇక్కడికి వస్తడు, ఆరు నెలల సంది రూమ్ లేదు."

వచ్చేవాళ్ళకి తలుపులు మూసెయ్యాలనే పార్టీ అది. నువ్వూ నేనూ వచ్చినవాళ్ళమే కదా, మీ తమ్ముడూ వచ్చేవాడే కదా అన్నాను. "నిజమే అక్కా" అన్నాడు. అని, చాయ్ చల్లారిపోతుందని గుర్తు చేశాడు. నేను తాగాను. చాయ్ చాలా బాగుంది, అందుకే ఇంకా కోపమొచ్చింది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆవిడ గెలిచినట్టా, ఓడినట్టా? కాట్యాని ఓడించి ఆవిడ సంపాదించిన పది ఓట్లు ఇవి, అవి కాస్తా అటు పోతున్నాయి. ఆవిడ ఉంటే ఏమనేది? "ఓటు అతనిదమ్మా, మనది కాదు" అని నవ్వేదేమో. ఇన్నేళ్ళ శ్రమ ఇందుకేనా అని తలపట్టుకునేదేమో. రెండు మాటలూ ఆవిడ గొంతులోనే వినిపిస్తున్నాయి, నాకు ఏదీ తేలడం లేదు.

పై అంతస్తులో ఓటర్లున్నారని ఫోన్ చెబుతోంది. కానీ ఎదురు తలుపు సందులోంచి ఏదో తెలియని వంట వాసన వస్తోంది, ఇంగువ కాదు, మన ఊళ్ళదేదీ కాదు. గడియారం చూశాను, ఎనిమిదికి ఇంకా కొంచెం టైముంది. లేచి ఆ బెల్లే నొక్కాను. లోపల అడుగుల చప్పుడు వినిపించింది. ఒక మెట్టు దిగి, తలెత్తి నిలబడ్డాను.